తాళం మీద తాళం

మొన్న ఒకనాడు పొద్దున్నే మా ఇంటి ఓనరు ఫోను చేశాడు. ఇల్లంటే మాది కాదు, కొంపల్లిలో మేము కిరాయికి ఉంటున్న మూడో అంతస్తు ఫ్లాటు. నా కొడుకు పెట్టిన టైల్సు దుకాణం మూతపడి నాలుగు నెలలైంది, కిరాయి రెండు నెలలు వెనకబడింది. వాడికి ఫోను గట్టిగా వినిపించేట్టు పెట్టి మాట్లాడే అలవాటు ఉండటం వల్ల ఓనరు మాటలన్నీ వంటింటి గడపలో మెంతికూర తెంపుతూ కూర్చున్న నాకు కూడా వినబడ్డాయి. ఆదివారం దాకా చూస్తాడట, సోమవారం పొద్దున వచ్చి తాళం వేస్తాడట, సామాను లోపల ఉంటుందట, మేము బయట ఉంటామట. నా కొడుకు నలభై ఐదేళ్లవాడు, బడిపిల్లాడిలా తల వంచుకొని సార్, సార్ అంటున్నాడు. తాళం అన్న మాట చెవిన పడగానే నా చెయ్యి దానంతట అదే కొంగు చివరికి పోయింది. అక్కడ ముడి లేదు, ముడిలో తాళంచెవి లేదు. ఒకప్పుడు ఉండేది.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు, అదీ వంకరగా. ఇదంతా నేను చెబుతుంటే నా మనుమరాలు రాస్తున్నది. ఆమె లా చదువుతున్నది, రెండో సంవత్సరం. ఆ పొద్దున నోట్లో బ్రష్షు పెట్టుకునే వచ్చి తండ్రి చేతిలోంచి ఫోను తీసుకొని పక్కన పెట్టింది. డాడీ, మనం బాకీ ఉన్నది నిజమే, కట్టాల్సిందే, కట్టకపోతే ఆయన నోటీసు ఇవ్వొచ్చు, కోర్టుకు పోవచ్చు, కానీ కోర్టు చెప్పకుండా తాళం వెయ్యడానికి ఆయనకు హక్కు లేదు, నీళ్లు ఆపడానికి లేదు, కరెంటు తియ్యడానికి లేదు, మన సామాను పట్టుకొని కూర్చోవడానికి అసలే లేదు అని ఒక్కొక్కటే పాఠంలా చెప్పింది. తర్వాత నోరు కడుక్కొని వచ్చి, బాకీ రెండు విడతల్లో ఎప్పుడెప్పుడు కడతామో, కట్టినదానికి రసీదు కావాలని, తాళం వేస్తే మాత్రం ఫిర్యాదు చేస్తామని మర్యాదగానే ఓనరుకు రాసి పంపింది. మధ్యాహ్నానికి ఆయన దగ్గర్నుంచి నెలాఖరు దాకా ఆగుతానని జవాబు వచ్చింది. నా కొడుకు మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది, ఆ పూట అన్నం తిన్నాడు. నాకే ముద్ద దిగలేదు. ఎందుకని మనుమరాలు అడిగింది. రాసుకో బిడ్డా, చెబుతాను అన్నాను.

నా ఈడువాళ్లకు మా ఊరు తూంకుంట అప్పట్లో ఎట్లా ఉండేదో గుర్తుండే ఉంటుంది. కరీంనగర్ రోడ్డు సన్నగా ఉండేది, బస్సు దిగితే దుమ్ము, రోడ్డుకు అటూ ఇటూ కోళ్ల ఫారాలు, గాలి మళ్లితే ఆ వాసన మూకుట్లోకి కూడా వచ్చేది. మా ఆయన మేస్త్రీ. ఊళ్లోవాళ్లకు ఇళ్లు కట్టగా మిగిలిన ఇటుక, మిగిలిన ఇసుక, ఆదివారాలు మిగిలిన ఒంటి బలం అన్నీ పెట్టి మా ఇంటి వెనక వరుసగా ఐదు రేకుల గదులు కట్టాడు. ఐదింటికీ ఒకటే నల్లా, ఒకటే మీటరు. కట్టేటప్పుడు సిమెంటు బస్తాలకు కాపలాగా ఒక పెద్ద ఇత్తడి తాళం కొన్నాడు, నా పిడికిలంత ఉండేది. గదులు పూర్తయ్యాక ఆ తాళాన్ని ఏ పనీ లేక అటక మీద పడేశాడు. ఆయన ఉన్నన్నాళ్లూ అది కిందికి దిగలేదు.

ఆయన పోయిన ఏడాదికి దింపించింది మా బావ, అంటే మా ఆయనకు అన్న. అప్పట్లో మా వాడకట్టులో గదులు కిరాయికి ఇచ్చేవాళ్లందరిదీ ఒక పద్ధతి ఉండేది. నెల మొదటి వారం దాటిందంటే వసారాలో మేకుకు ఒక పెద్ద తాళం వేలాడదీసేవాళ్లు. ఎవర్నీ ఏమీ అనేవాళ్లు కాదు. నల్లా దగ్గరికి నీళ్లకు వచ్చే కిరాయివాళ్లు దాన్ని చూసుకుంటూ పోవాలి, అంతే. చూసి కూడా ఇవ్వకపోతే వాళ్లు వేసుకున్న తాళం మీద ఇది ఎక్కుతుంది. ఆడమనిషివని అలుసు జేస్తరు, మేకుకు తగిలియ్యి, పైసలు అవే నడుసుకుంట వస్తయ్ అని బావే మేకు కొట్టి పోయాడు. నాకు కూడా అది వేలాడుతుంటే ధైర్యంగానే ఉండేది, అబద్ధమెందుకు.

మూడో గదిలో కుట్టుపని చేసే ఒక ఆమె ఉండేది. నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. మేడ్చల్ దిక్కు నుంచి వచ్చారు. భర్త కోళ్లదాణా లారీలకు బస్తాలు ఎత్తేవాడు. ఆమె గదిలోనే మిషను పెట్టుకొని జాకెట్లు కుట్టేది. చెయ్యి ఎంత మంచిదంటే శామీర్‌పేట నుంచి కూడా ఆటో కట్టుకొని వచ్చేవాళ్లు. ఎవరి బట్ట వాళ్ల పాత కొలత జాకెట్టులో చుట్టి, దారం కట్టి, గోడ పొడుగునా వరుసగా పెట్టేది. ఆమెకూ చదువు లేదు. ఆ కొలత జాకెట్టు చూసే ఏది ఎవరిదో చెప్పేది. నవ్వించేది కూడా. మా ఆయన పోయాక నేను చిక్కిపోతే, అక్కా, నీ కొలత నెలనెలకు మారుతాంది, నీకు కొత్తయి కుట్టుడు కంటే పాతయి బిగిచ్చుడే పనైపోయింది అని నడుము మీద గిల్లేది. ఆ ఏడాదంతా నన్ను ముట్టుకొని మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే అనుకుంటాను.

లారీ మీద నుంచి పడి భర్త కాలు విరిగింది. పట్టీ కట్టారు, కట్టిన ఎముక సరిగా అతకలేదని మళ్లీ విప్పి కట్టారు. కిరాయి ఒక నెల ఆగింది, రెండో నెల ఆగింది. నేను అడిగినప్పుడల్లా, లగ్గాల నెలొస్తాంది అక్కా, గీ మూటలన్నీ లగ్గాలయే, ఇచ్చిన్నాడు తెచ్చి నీ చేతుల వోస్త అనేది. నిజమే చెప్పింది. కానీ నా కొడుకు పాలిటెక్నిక్ ఫీజు గడువు నెత్తి మీదికి వచ్చింది, నాకు వేరే ఆదాయం లేదు. బావ వచ్చినప్పుడల్లా మేకు వైపు చూసి నవ్వుతున్నాడు. ఒకనాడు పొద్దున ఆమె భర్తను పట్టీ విప్పించడానికి మేడ్చల్ తీసుకుపోయింది. ఆమె వేసుకుపోయిన చిన్న తాళం మీద నేను ఆ ఇత్తడి తాళం ఎక్కించాను. చెవి కొంగుకు ముడి వేసుకున్నాను. పోయి వాకిలి ఊడ్చుకున్నాను. అదే ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

మధ్యాహ్నం ఆమె ఒక్కతే వచ్చింది, భర్తను అక్కడ తన అన్న ఇంట్లో దించి వచ్చిందట. తలుపు చూసి మొదట నవ్వింది.

"ఏందక్కా, నా తాళం సన్నగున్నదని నీది గూడ ఏసినవా? దొంగలు నీకే భయపడతరనా?"

నేను నవ్వలేదు. అప్పుడు ఆమెకు అర్థమైంది. గిన్నెలు, బట్టలు, మిషను, ఏది కావాలంటే అది ఉంచుకోమన్నది. మంది బట్టలు మాత్రం తీసి ఇమ్మన్నది. అవి నావి కావక్కా, రేపు ఒక పిల్ల లగ్గమున్నది, తలంబ్రాల జాకెట్టు లోపల్నే ఉన్నది, కుట్టుడైపోయింది, ఇస్త్రీ గూడ అయింది అని నా గదువ పట్టుకొని బతిమాలింది. ఆ జాకెట్లు ఇస్తేనే ఆమెకు పైసలు వస్తాయని, ఆ పైసలే నాకు వస్తాయని పసిపిల్లకు కూడా తెలుస్తుంది. నాకూ తెలిసింది. కానీ ఇప్పుడు తీస్తే ఇక ఈ వరుసలో నా మాట ఎవరూ వినరని, అందరూ గదువ పట్టుకునే కిరాయి ఎగ్గొడతారని భయం పట్టుకుంది. పైసలు తెచ్చి తీసుకపో అన్నాను, అంతే.

సాయంత్రం కాకముందే పెళ్లికూతురి తల్లి ఆటోలో దిగింది. ఇక్కడే, బిడ్డా, ఇక్కడ ఉన్నదున్నట్టు రాయి. నేను వసారాలో నిలబడి ఉన్నాను. కుట్టే చెల్లె గది ముందు అరుగు మీద కూర్చుని ఉంది. ఓనరు తాళం వేసిందని ఒక్క మాట అంటే సరిపోయేది, ఆ తల్లి వచ్చి నా జుట్టు పట్టేది, నేను సిగ్గుకైనా తీసేదాన్నేమో. చెల్లె నా వైపు ఒక్కసారి చూసి, తాళంచెవి ఎక్కడో పడిపోయిందని చెప్పింది. కిరాయి కట్టలేదని గిరాకీ ముందు చెప్పుకోలేక అన్నదో, నేనే కరిగి వచ్చి తీస్తానని ఆగిందో, ఇప్పటికీ తెలియదు.

"చెవి పోతె తాళం పలగ్గొట్టు! నా బిడ్డ రేపు పీటల మీద దేంతోని కూసుంటది? బట్ట అమ్ముకున్నవా ఏందే, సక్కగ చెప్పు!"

వాడకట్టంతా బయటికి వచ్చి చూసింది. చెల్లె ఆ తిట్లన్నీ తల వంచుకొని పడింది. చెవి నా కొంగున ఉంది, నేను కొంగు నడుముకు దోపుకొని లోపలికి పోయి పొయ్యి ముట్టించాను. ఆ పిల్ల ఏ జాకెట్టు వేసుకొని పెళ్లి చేసుకున్నదో నాకు తెలియదు.

ఆ వారమంతా ఆమె రాత్రి అన్న ఇంటికి పోయి పొద్దున మళ్లీ ఆ అరుగు మీదికి వచ్చేది, గిరాకీలు ఒక్కొక్కరుగా వచ్చి తిట్టిపోయారు. ఎనిమిదో రోజు ఆమె అన్న దగ్గర తెచ్చిన పైసలు నా చేతిలో పెట్టింది. లెక్క సరిగ్గా ఉంది. నేను తాళం తీశాను. ట్రాలీ ఆటో అప్పటికే వాకిట్లో ఉంది, ఖాళీ చేసి పోవాలన్నదే ఆ అన్న పెట్టిన షరతు. మిషను ఎక్కించింది, గిన్నెలు ఎక్కించింది, మూటలన్నీ ఒళ్లో పెట్టుకున్నది, పోతూ పోతూ ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేసి పోతుందట, ఎవరు తీసుకుంటారో ఎవరు మొహాన కొడతారో. చివరికి ఒక మూట నాకు ఇచ్చింది. నా పాత జాకెట్టులో చుట్టిన కొత్తది. అమావాస్య ముందు కుట్టమని నేనే ఇచ్చి మరిచిపోయాను.

"హుక్కులు కుట్టలేదక్కా. గంతట్లనే తాళం పడ్డది."

కోపంగా అనలేదు. పని మిగిలిపోయిందని చెప్పే మనిషి గొంతుతో చెప్పింది. కుట్టుకూలి ఇవ్వబోతే అప్పటికే ఆటో కదిలింది.

తర్వాత రెండేళ్లకు మేడ్చల్ బస్టాండులో ఆమెను చూశాను. కంపెనీ బస్సు కోసం ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు, ఆమె మెడలో కార్డు ఉంది. గోదాములో డబ్బాలకు టేపు అంటించే పని అట, అది కూడా ఇంకొకరు చెబితే తెలిసింది. మిషను అమ్మేసిందట, ఒకసారి మాట పోయాక కుట్టడానికి బట్ట ఎవరిస్తారు. పోయి పలకరించాలనే నాలుగు అడుగులు వేశాను. ఆమె ఇటు తిరుగుతున్నట్టు అనిపించేసరికి కొంగు నెత్తి మీదికి లాక్కొని అరటిపండ్ల బండి చాటుకు పోయాను. ఆమె నన్ను చూసిందో లేదో తెలియదు. దాక్కున్నది మాత్రం నేనే.

ఇప్పుడు ఆ ఐదు గదులు లేవు. దుకాణం పెట్టడానికి కొడుకు అమ్మితే, కొన్నవాళ్లు కూల్చి నాలుగంతస్తులు లేపారు. కోళ్ల వాసన పోయింది, ప్లాట్ల రాళ్లు వచ్చాయి. వసారాలో మేకులు లేవు, ఓనర్లు ఫోన్లోనే తాళం చూపిస్తున్నారు. మారింది ఇంకొకటి కూడా ఉంది, బెదిరిస్తే నిలబడి ఇది నీకు చెల్లదు అని చెప్పే పిల్ల ఒకతి మా ఇంట్లో ఉంది. ఆ రోజు మూడో గది అరుగు మీద అట్లాంటి పిల్ల ఒక్కతి లేదు. ఉంటే ఆ చెల్లె ఇప్పటికీ జాకెట్లు కుడుతూ ఉండేది, కళ్లద్దాలు పెట్టుకొని, ఎవరినో గిల్లుతూ.

ఇక్కడి దాకా రాసి మనుమరాలు కలం ఆపింది. అవ్వా, అప్పుడు నీకు చట్టం తెలవదు గదా, తెలియక చేశానని రాయనా అని అడిగింది. నా మీద ప్రేమతోనే అడిగింది. వద్దన్నాను. చట్టం తెలియదు నిజమే, కానీ లోపల ఉన్నవి మంది బట్టలని తెలుసు, ఎవరి పెళ్లో తెలుసు, చెవి ఎవరి కొంగున ఉందో తెలుసు. అదే రాయి అన్నాను.

ఆ జాకెట్టు ఇప్పటికీ నా పెట్టెలో అడుగున ఉంది. ఇన్నేళ్లలో హుక్కులు కుట్టడానికి సూదిలో దారం ఎన్నిసార్లు ఎక్కించానో, అన్నిసార్లూ తీసేశాను. అది ఆమె పని. నేనే ఆపాను.