గాలి గుర్తు

ఎడారి పక్కనున్న సెడార్ సిటీలో గొర్రెలు కాసుకుని బతికిన లావార్ హీటన్ ఇప్పుడు చర్చిలో తలుపు పక్క బల్ల చివరే కూర్చుంటాడు. ప్రార్థన సగంలో లేవాల్సి వస్తుంది. టోపీ ఛాతీకి అదుముకుని, ఎవరి కళ్లలోకీ చూడకుండా, వెడల్పు భుజాలు వంచి బయటికి నడుస్తాడు. ట్రక్కులో ఎక్కడికి బయలుదేరినా కనబడిన ప్రతి పెట్రోలు బంకు దగ్గరా ఆపుతాడు. మాటిమాటికీ మూత్రానికి పరుగెత్తిస్తున్న, ఉబ్బిన ప్రోస్టేట్ గ్రంథిని కోయించుకోవడానికి చివరికి ఒప్పుకున్నాడు. ఆపరేషన్‌కు ముందు, అదే చర్చికి వచ్చే డాక్టర్ ఆనలీ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"కోసిన ముక్క మా పరిశోధనకు ఇస్తారా, బ్రదర్ హీటన్? మీ చిన్నప్పటి అణుబాంబు పరీక్షలతో గాలిలో ఒక రకం కార్బన్ పెరిగింది, అవి ఆగాక ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఏ ఏట పుట్టిన కణంలో ఆ ఏటి గాలి గుర్తు ఉండిపోతుంది. అది కొలిస్తే గ్రంథిలో పాత కణాలే మిగిలాయో, కొత్తవి పుడుతున్నాయో తెలుస్తుంది. ఒక రకంగా మన అదృష్టం."

"అదృష్టమా?" అతని మెడ ఎర్రబడింది. "ఇక్కడి ఎడారిలో పేల్చిన ఆ బాంబుల బూడిద పడి, మూతులు కాలి మా గొర్రెలు మందలుగా చచ్చాయి. మేత సరిగ్గా లేదన్నారు సర్కారు వాళ్లు. బాంబే చంపిందని కోర్టుకెక్కిన మా నాన్నను అబద్ధాలకోరన్నారు."

"ఆ బూడిద వేరు, బ్రదర్. ఈ కార్బన్ ప్రపంచమంతా పాకింది. నాలోనూ ఉంది."

"బాంబు ఒకటే కదమ్మా!"

ఆమె తల దించుకుంది. "అదృష్టం అనకుండా ఉండాల్సింది," అంది.

అతను ఆమె వైపు తిరిగాడు.

"ముక్క తీసుకో. జబ్బు సంగతి తేలితే మంచిదే. కానీ ఎక్కడ చెప్పినా ముందు బాంబు పేరెత్తు. మా నాన్న అబద్ధమాడాడనుకునేవాళ్లు ఈ ఊళ్లో ఇంకా బతికే ఉన్నారు. వాళ్లు వినాలి."