టేకుల్లో మోగిన గంట

ఆ వయసులో నాకు భయమంటే తెలియదని ఊళ్లో అంతా చెప్పుకునేవారు (చెప్పింది నేనే). తొమ్మిదో తరగతిలో బడి మానేసి, భద్రాచలం దారిలో అడవిని ఆనుకుని ఉన్న మా రెండెకరాల్లో రైతునవుతానని కూర్చుంటే, మా అయ్య ఒకటే పరీక్ష పెట్టాడు. "పెయ్యదూడను కొన్న. అది మన కొట్టంల నిలిస్తే నువ్వూ నిలుస్తవ్. లేకుంటే దాన్ని అమ్మినోళ్లింటికి, నిన్ను హాస్టల్‌కి తోలుత."

దూడను వాగవతలి గూడెంలో ఒక ముసలవ్వ దగ్గర నుంచి తేవాలి. నాయనమ్మ దూడను కట్టే కొత్త తలుగుతాడు చేతిలో పెట్టి మరీ చెప్పింది. "పశువును తెచ్చుకుంటం గని వాళ్ల తాడు తెచ్చుకోం కొడుకా. వాళ్ల తాడు, వాళ్ల గంట వాళ్ల గుంజకే ఉండాలె." దూడ మెడలో చెక్కగంట ఎంత ముద్దుగా మోగిందంటే, అవ్వ మంచినీళ్లకని లోపలికి వెళ్లగానే పాత తాడుతో, గంటతో సహా నడిపించుకొచ్చేశాను. నాయనమ్మ అడిగితే, "అవ్వే కట్టి పంపింది" అన్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. దూడ గడ్డి వదిలేసి, చేను వెనక టేకుచెట్ల వైపు చెవులు నిక్కించి రాయిలా నిలబడింది. దాని మెడలో గంటా కదలడం లేదు. కానీ గంట మోగుతోంది, టేకుల్లో. టొక్కు... టొక్కు... మేస్తూ మేస్తూ దగ్గరికొస్తున్నట్టు. వెళ్లి చూస్తే ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. రెండో రోజు దూడ గంటలో గుడ్డ కుక్కాను. అయినా టేకుల్లో మోగింది. మూడో రోజుకు దూడ కుడితి కూడా ముట్టలేదు, డొక్కలు లోపలికి పోయాయి. అయ్య అటక మీద నుంచి నా హాస్టల్ పెట్టె దించి దుమ్ము దులిపాడు. రుజువు కావాలని ఆ మోతను సెల్‌లో రికార్డు చేశాను. నాయనమ్మ చెవి దగ్గర పెట్టుకుని విన్నది. "గంటేదిరా? అమ్మా, అమ్మా అని నువ్వు ఏడుసుడే ఇనవడుతున్నది!"

ఇక నిజం కక్కేశాను. నాయనమ్మ దూడకు కొత్త తలుగు కట్టి, పాత తాడూ గంటా నా ఒళ్లో పడేసింది. "జల్దీ పో!"

గూడెంలో అవ్వ ఎదురుచూస్తున్నట్టు వాకిట్లోనే కూర్చుంది. గంటలోంచి గుడ్డ పీకి, కొంగుతో తుడిచి, గుంజకు వేలాడదీసింది.

"గిది దూడది కాదు బిడ్డా, దాని తల్లిది. పోయిన వానల్ల పిడుగు పడి సచ్చింది."

"ఏడ అవ్వా?"

"మీ చేనెనక టేకుల్లనే. ఏంది, కనవడ్డదా?"

"లే... లేదు."

"అవ్, గట్లయితే ఇనవడ్డది" అని బోసినోటితో నవ్వింది.

టేకుల దారి దగ్గరే అయినా ఊరంతా చుట్టి ఇల్లు చేరాను. దూడ తొట్టిలోకి తల ముంచి కుడితి తాగుతోంది. పెట్టె మళ్లీ అటకెక్కింది. ఆ గంట మళ్లీ మోగలేదు.

ఆ దూడ ఇప్పుడు మూడు ఈతల ఆవు. సెల్లులు మారినా ఆ రికార్డు మాత్రం ఉంచుకున్నాను. అందులో గంట లేదు, పరీక్ష తప్పబోయే ఒక పిరికి సన్నాసి అమ్మను పిలుస్తుంటాడు. వాడిని విని నవ్వుకుందామని అప్పుడప్పుడు కొట్టంలో పెడతాను. పెట్టినప్పుడల్లా ఆవు నెమరు ఆపి, టేకుల వైపు చెవులు నిక్కిస్తుంది. నేను నవ్వుతూనే సెల్ ఆపేస్తాను. ఇన్నేళ్లలో దాన్ని చివరిదాకా ఒక్కసారీ వినలేదు.