చిన్నోడి కడుపులో గడ్డ

మొన్న శనివారం మా అత్తగారి పరిశుద్ధ గ్రంథానికి కొత్త అట్ట వేయిద్దామని బయటికి తీశాను. అంచులు నలిగి, కుట్లు ఊడి, ఆవిడ మధ్య మధ్య దాచుకున్న కాగితాలతో అది కొన్ననాటికి రెండింతలు లావెక్కి ఉంది. పెద్ద చేప కడుపులో మూడు రోజులున్న ప్రవక్త కథ దగ్గర, అరచేతి వెడల్పున్న నున్నటి కాగితం ఒకటి జారి నా ఒళ్ళో పడింది. దాని మీద బొమ్మేమీ లేదు. నీలం పెన్నుతో చుట్టిన మూడు సున్నాలు మాత్రం ఉన్నాయి. మా అమ్మాయి తొంగి చూసి, "యే క్యా హై, అమ్మా?" అంది. "మీ నాయనమ్మ పిల్లికి తీసిన స్కానింగే," అన్నాను. ఆ పైన నవ్వు ఆగక మరి చెప్పలేకపోయాను.

అప్పట్లో మేమంతా ఈ ఉత్తరాది ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళోనే, గోల్‌మురిలో క్వార్టర్లో ఉండేవాళ్ళం. మా సంఘంలో ఆదివారం ఆరాధనకి ముందు ఒక వెదురు బుట్ట తిప్పుతారు. ఎవరి ప్రార్థన మనవి వాళ్ళు చీటీ మీద రాసి వేస్తే, అయ్యగారు వేదిక మీద చదివి ప్రార్థిస్తారు. మా అత్తగారి చీటీ లేకుండా ఆ బుట్ట వేదిక దాకా వెళ్ళిన ఆదివారం నాకు గుర్తు లేదు. ఒకసారి ఆవిడ, "మా చిన్నోడు ఖైనీ నమలడం మానాలి," అని రాశారు. చిన్నోడంటే మా మరిది. ఇంట్లోనే కాదు, సంఘమంతటికీ అతను చిన్నోడే. మూడో వరుసలో కూర్చున్న అతను అప్పుడే దవడలో పెట్టుకున్న ఖైనీ పొగాకుని ఏం చేయాలో తెలియక మింగేశాడట. ఇంటికొచ్చి, "ఇంకోసారి నన్ను చీటీలో రాస్తే నీతో మాట్లాడను," అన్నాడు. ఆవిడ రాయనని మాట ఇచ్చారు. అయినా అతను అలిగి, నది అవతల మాంగో పేటలో గది తీసుకుని, ఆటో నడుపుకుంటూ, ఏడాది పాటు ఇటు రాలేదు. ఆరాధనకీ రాలేదు.

అతను వెళ్ళిన నెలలోనే, వాన పడుతుంటే, ఒక బూడిదరంగు పిల్లి మా వంటింట్లో దూరింది. అత్తగారు దాన్ని తుడిచి, పాలు పోసి, చిన్నోడని పేరు పెట్టారు. ఒళ్ళంతా దట్టమైన బొచ్చు. దాని తోక ఎత్తి మగదో ఆడదో చూసే తెగువ మా పద్ధతైన ఇంట్లో ఎవరికీ కలగలేదు. ఏడాది తిరిగేసరికి దాని పొట్ట ఉబ్బింది. మందుల షాపతను నొక్కి చూసి, "గాంఠ్ హై, మాజీ. గడ్డ," అన్నాడు. ఇక అత్తగారికి అన్నం సహించలేదు. మాంగోలో పశువుల ఆస్పత్రికి ఫోన్ చేస్తే, శుక్రవారం పొద్దున్న ఖాళీ కడుపుతో తీసుకు రమ్మన్నారు, స్కానింగ్ చేసి చూస్తామన్నారు.

ఆ ముందు ఆదివారం అయ్యగారు బుట్టలోంచి ఒక చీటీ తీశారు. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రెండు నెలలే అయింది. "మా చిన్నోడి కడుపులో గడ్డ. శుక్రవారం స్కానింగ్. సంఘం ప్రార్థించాలి," అని చదివి ఆయనే ముందు మోకరించారు. నాకు సంగతి అర్థమయ్యేలోగా అందరూ మోకరించేశారు. ఒకరిద్దరు ఏడుస్తున్నారు. శుక్రవారం ఉపవాస ప్రార్థన అని కూడా ప్రకటించారు. నేను అత్తగారి మోచెయ్యి గిల్లి, "పిల్లి అని రాయలేదేం, అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరవకుండానే, "పిల్లని రాత్తే ఎవులు మోకరిత్తారమ్మా?" అన్నారు.

అప్పుడే లేచి నిజం చెప్పవలసింది. నేను చెప్పలేదు. ఆ మౌనానికి తరువాత దేవుణ్ణి క్షమాపణ అడుక్కున్నాను.

శుక్రవారం పిల్లికి తిండి లేదు గనుక ఇంట్లో ఎవరికీ తిండి లేదన్నారు అత్తగారు. చేప మింగిన ఆ ప్రవక్త వెళ్ళిన ఊళ్ళో రాజు మనుషులతో పాటు పశువులచేత కూడా ఉపవాసం చేయించాడని ఆవిడ ఆధారం. మా ఆయన డ్యూటీకి వెళ్ళి క్యాంటీన్లో సమోసాలు తిన్న సంగతి నాకూ దేవుడికీ మాత్రమే తెలుసు. పిల్లిని బుట్టలో పెట్టుకుని అత్తగారూ నేనూ గుమ్మం దిగుతుండగా మరిది ఆటో వచ్చి ఆగింది. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏటమ్మా ఇది? ఖైనీ చాలలేదని ఇప్పుడు గడ్డ కూడా పెట్టావా? నా ఆటో ఎక్కిన ఇద్దరు సంఘం పెద్దమ్మలు వెనక నుంచి నా నెత్తి మీద చేతులేసి ప్రార్థన మొదలెట్టారు. సిగ్నల్ పడినా వదల్లేదు! మాట తప్పావు నువ్వు."

"నీకెవుడు పెట్టాడ్రా గడ్డ? చిన్నోడికి."

"నేనే కదమ్మా చిన్నోణ్ణి!"

బుట్టలోంచి పిల్లి అరిచింది. అత్తగారు దాని వంకా, అతని వంకా చూశారు. "నువ్వెళ్ళిపోయాక ఇదొచ్చింది. ఆ పేరు పిలవకుండా ఉండలేక..." అంటూ బుట్ట మీది గుడ్డ సర్దారు.

మరిది తువ్వాలు తీసి వెనక సీటు దులిపాడు. తరువాత, "చలో, బైఠో. వదినా, బుట్ట జాగ్రత్త," అన్నాడు. వంతెన మీద అద్దంలోంచి చూసి, "తిన్నావా?" అని అడిగాడు. సంఘమంతా ఉపవాసమని ఆవిడ చెప్పగానే, "నా కోసమని అందరూ మాడుతుంటే, నేను పొద్దున్నే జలేబీలు తినొచ్చానా!" అని నిజంగానే బాధపడ్డాడు.

ఆస్పత్రిలో పిల్లి పొట్ట మీద బొచ్చు గొరిగి, చల్లటి జెల్ రాసి, డాక్టరుగారు మిషను పెట్టారు. తెర మీద నలుపూ తెలుపూ సుడులు తిరుగుతున్నాయి. ఆయన మిషనుని జరిపి జరిపి చూస్తున్నారు. అత్తగారి పెదవులు కదులుతున్నాయి, చెయ్యి మాత్రం మరిది మణికట్టుని గట్టిగా పట్టుకుంది. ఏడాది తరువాత ముట్టుకున్న చెయ్యి అది. అతను విడిపించుకోలేదు.

"గాంఠ్ నహీఁ హై, మాతాజీ," అన్నారు డాక్టరుగారు చివరికి. "బచ్చే హైఁ. తీన్." మిషనులోంచి వచ్చిన కాగితం మీద మూడు గుండెలకీ పెన్నుతో సున్నాలు చుట్టి ఇచ్చారు.

అత్తగారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "దేవుడికి అసాధ్యమైంది లేదు డాక్టరుగారూ. కానీ మగోడికి పిల్లలేటి?"

మరిది ఆ మాటని హిందీలో చెప్పబోయి, నవ్వు పట్టలేక నేల మీద కూలబడ్డాడు. డాక్టరుగారు ఏమీ అడగకుండా పిల్లి పేరున మేము రాయించిన కార్డు మీద 'మగ' అన్నది కొట్టేశారు.

ఆదివారం అయ్యగారు అత్తగారిని సాక్ష్యం చెప్పమన్నారు. మరిది వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ లేచి, "మన ప్రార్థన దేవుడు విన్నాడు. చిన్నోడి కడుపులో ఉన్నది గడ్డ కాదు, ముగ్గురు పిల్లలు," అన్నారు. తలలన్నీ ఒక్కసారి తలుపు వైపు తిరిగాయి. "నేను కాదండీ, పిల్లి!" అని అరిచాడు మరిది. అప్పుడు ఆవిడ అంతా చెప్పి, రెండు చేతులూ జోడించి, "పిల్లి అని రాయకపోవడం తప్పే. క్షమించాలి," అన్నారు. అయ్యగారు తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వారు. తేరుకుని, ఆ ప్రవక్త కథలో దేవుడి ఆఖరి మాట మూగజీవాల మీద జాలితోనే ముగుస్తుందని గుర్తు చేసి, మళ్ళీ ప్రార్థించారు. షుగరు ఉండి కూడా ఉపవాసమున్న ఒక సంఘపెద్ద మాత్రం నెల రోజుల పాటు మా అత్తగారి వందనం అందుకోలేదు.

పిల్లల్ని చూడ్డానికి వత్తన్నానని మరిది వారం వారం రావడం మొదలుపెట్టాడు. ఒక పిల్లని తీసుకెళ్ళాక కూడా మానలేదు. ఖైనీ ఈ రోజుకీ మానలేదు. ఇప్పుడు మా సంఘంలో బుట్ట తిప్పేది అతనే. చీటీ వేసే ప్రతివాళ్ళనీ, "మనిషా, పశువా? సాఫ్ సాఫ్ రాయండి," అని అడుగుతాడు.

అత్తగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయి నాలుగేళ్ళయింది. ఈ కాగితం మీద బొమ్మ ఎక్కువ కాలం నిలవదని డాక్టరుగారు ఆ రోజే చెప్పారు. అలాగే గుండెలు మూడూ వెలిసిపోయాయి, వాటి చుట్టూ గీసిన సున్నాలు ఉన్నాయి. దాన్ని మళ్ళీ ఆ ప్రవక్త కథ దగ్గరే పెట్టాను. కాలం బొమ్మనైతే చెరిపేసింది గానీ, ఇదిగో ఇక్కడే అని ఒకరు చూపించిన చోటుని చెరపలేకపోయింది.