మిరప గోతాల మీద శిఖరానికి

మా వీధి చివర మరలో ఎవరైనా ఏడాదికి సరిపడా కారం పట్టించుకుంటున్నారంటే, ఆ పక్కగా పోయేవాళ్ళంతా ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని పరుగు తీస్తారు. నేను మాత్రం కళ్ళు మండుతున్నా కాసేపు అక్కడే నిలబడిపోతాను. మీకది కారం ఘాటు కావచ్చు గానీ, నాకది కొండల వాసన. నవ్వకండి, చెబుతాను.

మాది గుంటూరు పక్క నల్లరేగడి ఊరు. ఎటు చూసినా మిరప, పత్తి, మళ్ళీ మిరప. కొండ అన్నది పుస్తకాల్లో బొమ్మే. మా బాబాయికి ఓ లారీ ఉండేది. కళ్ళాల్లో ఎండిన కాయను గుంటూరు యార్డుకు తోలేవాడు. నాయనమ్మకేమో రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఆపరేషన్ మాటెత్తితే చాలు, "ఉన్న కాస్త చూపూ పోతే ఎవడు తెచ్చిస్తాడ్రా?" అని నాన్న మీద గయ్యిమనేది. చివరికి ఒక ఒప్పందానికొచ్చింది. ముందు తనకు శ్రీశైల శిఖరం చూపించాలి, ఆ తర్వాత కళ్ళు కోయించుకుంటుంది. శిఖరేశ్వరం కొండ మీద నంది వీపున నువ్వులు పోసి, కొమ్ముల మధ్య నుంచి దూరాన ఉన్న గుడి శిఖరాన్ని చూస్తే ఇక మళ్ళీ పుట్టే పని ఉండదట. "ఈ ఒక్క జన్మ చాకిరీ చాలమ్మా నాకు" అనేది.

అలా, తొంభైల చివర్లో ఒక ఎండాకాలం, కాయంతా అమ్ముడుపోయి లారీ ఖాళీగా ఉన్న రోజుల్లో, దాన్నే ఇల్లు చేసేశారు. పైన టార్పాలిన్ కప్పు, ఒక మూల కిరోసిన్ స్టవ్వు, తాళ్ళతో కట్టిన నీళ్ళ బిందెలు, గోంగూర పచ్చడి జాడీ, డబ్బా నిండా జంతికలు, మధ్యలో పిల్లలం ఆడుకోవడానికి అష్టాచెమ్మా. కూర్చోవడానికి మెత్తగా ఉంటుందని ఖాళీ మిరప గోతాలు దులిపి పరిచి, పైన దుప్పట్లు వేశారు. ఇంకే ఊరివాళ్ళయినా ఆ పని చేస్తారా! మిరపలో పుట్టి పెరిగిన ముక్కులాయె, గోతాల్లో ఇంకా ఘాటుందని ఒక్కరికీ తోచలేదు.

ముందు సాగర్ వెళ్ళి, లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయాం. మ్యూజియంలో చల్లని సున్నపురాయి మీద చెక్కిన తామరలనూ ఏనుగులనూ పాదాలనూ నాయనమ్మ వేళ్ళతో తడుముతుంటే, కాపలా ఆయన వచ్చి "ముట్టుకోకూడదండీ పెద్దమ్మగారూ" అన్నాడు. "కళ్ళు కనబడితే ఎందుకు ముట్టుకుంటాను నాయనా? నేను చేత్తోనేగా చూడాలి" అంది. పాపం ఆయన కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

దోర్నాల దాటాక నల్లమల మొదలైంది. మలుపు మలుపుకీ లారీ మూలుగుతూ ఎక్కుతుంటే, అష్టాచెమ్మా గవ్వలు ఆ చివర నుంచి ఈ చివరకు దొర్లిపోతుంటే, వెదురు పొదలూ లోయలూ కోతులూ చూసి మేం కేకలు పెడుతున్నాం. అంతలో వాన! బాబాయి లారీ ఆపి టార్పాలిన్ అన్ని వైపులా దించి కట్టేశాడు. ఇంకేముంది, ఆరేడు పంటల మిరప దుమ్ము కింద నుంచి లేచి లోపలే సుళ్ళు తిరిగింది. ఒకటే తుమ్ములు, దగ్గులు. నాయనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది; ఆ కొంగు నిండా కారమే. శిఖరేశ్వరం చేరేసరికి ఆవిడ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, నీళ్ళు ధారలు కట్టాయి. అమ్మ బిందెడు నీళ్ళతో కడిగినా లాభం లేకపోయింది. నాన్న చేయి పట్టుకుని మెట్లెక్కించాడు. నువ్వులు పోసింది, వంగింది, చాలాసేపు చూసింది. వెనక జనం తొందరపడుతున్నారు.

"కనబడిందని అనేసుకో అమ్మా, స్వామికి తెలియదా" అన్నాడు బాబాయి.

"నోర్ముయ్యరా. శివయ్య ముందు దొంగమాటా? నాకేం కనబడలా." లేచి నిలబడింది. "ఒరే పెద్దోడా, ఊరికి పోగానే ఆసుపత్రికి తీసుకుపో. కళ్ళు తెచ్చుకునే మళ్ళీ వస్తా."

అన్నట్టే చేయించుకుంది. కట్టు విప్పిన రోజు అమ్మను చూసి "అదేంటే, నీకప్పుడే తల నెరిసింది!" అని ఆవిడ చెంపలు నిమిరింది. ఆ ఏడు కళ్ళంలో ఎర్రగా పరిచిన కాయ పక్కన మంచం వేయించుకుని, పొద్దస్తమానం అక్కడే కూర్చునేది. నాన్న శిఖరం ప్రయాణం మాటెత్తినప్పుడల్లా పత్తితీతలు కానీ అనేది, మోకాళ్ళనేది, ఏదో ఒక వంక. ఒకనాడు నేనే నిలదీశాను.

"చూస్తే మళ్ళీ పుట్టనంటగా" అంది, నా మొహం చేతుల్లోకి తీసుకుని. "ఇప్పుడేగదే అమ్మడూ, మీరంతా కనబడుతోంది. నాకు మళ్ళీ పుట్టాలనుంది."

ఆవిడ వెళ్ళలేదు. ఇప్పుడు ఆవిడా లేదు, బాబాయి లారీ తుక్కుకింద పోయింది, మా కళ్ళాల చోట కోల్డ్ స్టోరేజీలు లేచాయి. మొన్న కారులో, అద్దాలు బిగించుకుని, ఆ ఘాట్ ఎక్కాం. మావారూ పిల్లలూ వరసలో నిలబడి నంది కొమ్ముల మధ్య నుంచి శిఖరం చూసి వచ్చారు. నన్నూ రమ్మన్నారు, నేను వెళ్ళలేదు. నాయనమ్మ మళ్ళీ ఇక్కడే పుడతానంటుంటే, నేనొక్కదాన్నీ మోక్షానికి పోయి ఏం చేసుకుంటాను?