తిరిగే అద్దాల గది

కడపలో మా సంఘం ప్రార్థన మందిరం కోసం కొన్న భవనం ఒకప్పటి బ్రాందీ షాపు. తెల్లదొరలు తమ దేశంలోని తాగే ఇళ్ల పద్ధతిలో కట్టించుకున్నారు. ఎత్తైన కప్పు, ఇనుప స్తంభాలు, నల్ల బండ పరిచిన పొడవాటి కౌంటరు. దాని చివర చెక్కతో చిన్న గది. ఆ గదికి మొహం ఎత్తులో పువ్వులు చెక్కిన మసక అద్దాలు, ఇరుసు మీద తిరిగేవి. ఒక అద్దం కాస్త తిప్పి గ్లాసు అందుకుంటే చేయి కనిపిస్తుంది, మనిషి కనిపించడు. దొరలు పోయాక అది పరువు గలవాళ్ల గది అయింది.

మా నాయన బండల గనిలో కూలి. బయట హాల్లో నిలబడి తాగేవాడు. ఒక ఆదివారం సంఘ పెద్ద ఆయన్ను అందరిలో లేపి, తాగుబోతుకు ప్రభువు బల్ల రొట్టెలో పాలు లేదన్నాడు. మా నాయన చచ్చేదాకా ఆ రొట్టె ముట్టలేదు. బ్రాందీ షాపు అద్దాల వెనక ఆ సంఘ పెద్ద గొంతే ఎన్నోసార్లు విన్నానని మా అమ్మకు మాత్రం చెప్పాడు.

భవనం చేతికొచ్చిన రోజు, నేనూ ఇప్పుడు సంఘ పెద్దనే కాబట్టి, పెద్దలందరం చూడడానికి వెళ్లాం. మా నాయనను లేపిన ఆ పెద్దాయనా వచ్చాడు. అద్దాల గది తలుపు తెరుచుకోలేదు. గడియ ఎక్కడుందో అమ్మినవాళ్లు నాకు ముందే చూపించారు. నేను నోరు మెదపలేదు. మేం వెంట తెచ్చిన వడ్రంగి లాగాడు, గుద్దాడు, చివరికి గడ్డపార తెమ్మన్నాడు. ఉక్కకు విసిగిపోయిన పెద్దాయన అతన్ని పక్కకు జరిపి, మూల అద్దం తిప్పి, లోపలికి చేయి పెట్టి గడియ తీశాడు.

"నీకెట్ల తెలిసె పెద్దయ్యా?" అన్నాడు వడ్రంగి.

"తెలియకేమప్పా, పెద్దయ్య కూచునే చోటే కదా," అన్నాను నేను.

ఆయన చేయి ఇంకా అద్దం సందులోనే ఉంది. మిగతా పెద్దలు నేల చూపులు చూశారు.

తర్వాత ఆ గది పడగొడదామని ఆయన పట్టుబట్టాడు. నేను పడగొట్టనివ్వలేదు. ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపాడు.

"మీ నాయన విషయం నీతో ఒంటిగా మాట్లాడాల అబ్బోడా."

"మా నాయనను ఒంటిగా పిలిచి అడిగింటివా? ఆదివారం లేచి చెప్పు పెద్దయ్యా."

పగ తీర్చడం దేవుని పని అని చిన్ననాటి నుంచి చదువుకున్నవాణ్ణి. ఆ భవనాన్ని మా చేతికిచ్చింది ఆ దేవుడేనని నా నమ్మకం. ప్రతి ఆదివారం పాటలయ్యాక పెద్దాయన లేస్తాడేమోనని చూస్తాను. మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేనని ఈమధ్య కుర్చీ అడిగాడు. ముందు వరసలో, అందరికీ కనబడేట్టు వేయించాను.