నీడల సంచికలో చివరి పేజీ

వేడన్నంలోంచి నాలుగు మెతుకులు తీసి, పళ్ళెం అంచు మీద బొటనవేలితో మెత్తగా నలిపితే ఒక వాసన వస్తుంది. అది అన్నం వాసనా కాదు, గంజి వాసనా కాదు. నా మటుకు అది బడులు తెరిచే రోజుల వాసన, తొలకరికి తడిసిన గోనెసంచుల వాసన, కొత్త పలక వాసన, అన్నీ కలిపి మా అప్పలనరసమ్మత్త చీరకొంగు వాసన. మొన్న ఆదివారం వంటింట్లో కూర్చుని మెతుకులు నలుపుతుంటే మా కోడలు చూసి, "గమ్ము ట్యూబు ఉంది కదా అత్తయ్యా" అని నవ్వుతూ తెచ్చి పక్కన పెట్టింది. నేను దాని మూత కూడా తియ్యలేదు. అట్ట వెయ్యాల్సిన పుస్తకం అలాంటిది మరి.

అనకాపల్లిలో బెల్లం కొట్ల వెనక వీధిలో ఉండేది మా ఇల్లు. నాన్న ఒక కొట్లో గుమాస్తా. సీజనులో బెల్లం బళ్ళు వరస కట్టేవి, ఈగలు మా వంటింటి దాకా వచ్చేవి, తలకి పోసుకున్నా జుట్టులో తియ్యటి వాసన పోయేది కాదు. కొత్త అమావాస్యకి నూకాలమ్మ తీర్థం వచ్చిందంటే వీధంతా ఒకటే సందడి. రంగులరాట్నం, కర్రకి చుట్టిన జీళ్ళు, ఖర్జూరాల గుట్టలు, బూరలు, ఆ బూరల మోత భరించలేక చెవులు మూసుకునే తాతలు. మిగతా పిల్లలు గాజుల కొట్ల ముందు ఆగితే నేను మాత్రం గోనెపట్టా పరిచి పాత పుస్తకాలు అమ్మే ముసలాయన ముందు చతికిలబడేదాన్ని. నా ప్రాణమంతా బొమ్మల కథల పుస్తకాల మీదే. ఐదో తరగతికి వెళ్ళబోయే ఏడు, ఆయన పట్టా మీద దొరికింది నాకు ఆ సంచిక. దాని పేరేదో ఉండేది గానీ మేమంతా దాన్ని నీడల సంచిక అనే పిలిచేవాళ్ళం.

ఆ తర్వాత ఎన్ని చదివానో లెక్క లేదు, దాని ముందు ఏదీ ఆనలేదు నాకు. నెలనెలా వచ్చే ఆ బొమ్మల పత్రికలో ఎప్పుడూ ఒక రాకుమారుడు కత్తి దూసి రావడం, రాక్షసుణ్ణి చంపడం, రాకుమార్తె పూలదండ వెయ్యడం, అంతే. ఈ ఒక్క సంచికలో మాత్రం రాకుమారుడు మొదటి పేజీలోనే తన నీడ పోగొట్టుకుని మంచం కింద దూరతాడు. సముద్రం ఒడ్డున ఉన్న పట్నంలో వాళ్ళందరి నీడల్నీ ఒక మాంత్రికుడు ఎత్తుకుపోయి గాజుసీసాల్లో పెట్టి బిరడాలు బిగించేస్తాడు. నీడ లేనివాడు ఎండలోకి రాలేడు, వస్తే మంచులా కరిగిపోతాడు. ఆ నీడల్ని తేవడానికి, ఎండ తగలకుండా రాత్రిపూట పడవేసుకుని బయల్దేరేది ఒక జాలరి పిల్ల. అచ్చం నా ఈడుది, రెండు జడలు, మోకాళ్ళ దాకా తడిసిన పావడా! మాంత్రికుడి గుహలో గూళ్ళ నిండా సీసాలు, ఒక సీసాలో వంగిన ముసలమ్మ నీడ, ఒక దాంట్లో బిందె ఎత్తుకున్న ఆవిడ నీడ, ఒక దాంట్లో ఆవు, దాని పక్కన బుల్లి సీసాలో దూడ. అచ్చులో రంగులు గీత దాటిపోయి ఆ పిల్ల ముక్కు నీలంగా ఉండేది. ఆ నీలం ముక్కు కూడా నాకు ముద్దొచ్చేది.

నాకొక వెర్రి ఉండేది. కథ చివరి దాకా వచ్చి, చివరి పేజీ మాత్రం చదివేదాన్ని కాదు. చదివేస్తే అయిపోతుంది కదా! చేగోడీల్లో ఆఖరిది దాచుకున్నట్టు ఆ పేజీని దాచుకుని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేదాన్ని. ముంజలూ పనసతొనలూ తింటూ వేసవి సెలవులన్నీ అలాగే చదివాను. చివరి ముందు పేజీలో జాలరి పిల్ల సీసాలన్నీ పగలగొడుతుంది, నీడలు పిట్టల్లా లేచి ఇళ్ళకి ఎగిరిపోతాయి. గుహలోకి సముద్రం వచ్చేస్తుంది. ఆఖరి సీసాలో ఉన్నది ఆమె నీడే, దాని బిరడా ఎంతకీ రాదు. అక్కడ ఆపేదాన్ని. బడి తెరిచే ముందు రోజు చదువుదామని మంచి ముహూర్తం కూడా పెట్టుకున్నాను.

ఆ ముందు రోజే కొంప మునిగింది. అప్పలనరసమ్మత్త నాన్నకి అక్క, పిల్లల్లేరు, మావయ్య పోయాక మా ఇంట్లోనే ఉండేది. ఏటా బడులు తెరిచే ముందు అత్త అరుగు మీద కూర్చుంటే వీధిలో పిల్లలంతా పుస్తకాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. పాత క్యాలెండర్లూ సిమెంటు సంచులూ కత్తిరించి, మెతుకులతో అంటించి, అందరి పుస్తకాలకీ అట్టలు వేసేది. దానికి ఆవిడ పెట్టిన కట్టు ఒకటుంది. పెద్ద పరీక్షలు అయ్యేదాకా ఆ అట్ట విప్పకూడదు. విప్పితే ఆ పిల్ల చదువు అయిపోయినట్టే. పరీక్షలయ్యాక మళ్ళీ ఆ అరుగు మీదే అందరూ అట్టలు విప్పి, పుస్తకాలు కింది తరగతి వాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఆ ఏడు కాగితాలు చాలలేదు. నేను మంచినీళ్ళకి వెళ్ళి వచ్చేసరికి నా నీడల సంచికకి పిన్నులు ఊడదీసేసి, ఏ కాగితానికి ఆ కాగితం చేసి, అట్టలు వేసి పంపించేసింది.

నేను నేల మీద పడి దొర్లి ఏడ్చాను.

"బొమ్మల కాగితం దలసరిగుంటాది, సిరగదు. ఏడుత్తావేటే? నీ బొమ్మలెక్కడికీ పోనేదు, మీ కిలాసులోనే ఉన్నాయి" అంది అత్త, చేతికంటుకున్న మెతుకులు దులుపుకుంటూ.

ఆవిడ అన్నది నిజమే. మర్నాడు క్లాసులో చూస్తే ఒకడి లెక్కల పుస్తకం మీద మాంత్రికుడి గుహ, ఇంకొకడి సాంఘికం మీద తుఫాను, మూడో బెంచీ పిల్ల సైన్సు పుస్తకం మీద మంచం కింద రాకుమారుడి కాళ్ళు. పిన్నులు తీస్తే పక్కపక్కనే ఉండే పేజీలు కథలో ఎక్కడెక్కడివో అని అప్పుడే తెలిసింది నాకు. ఒకే పుస్తకానికి ముందు వైపు పడవ బయల్దేరడం, వెనక వైపు సీసాలు పగలడం! కథ అంతా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి మధ్యాహ్నం బెల్లు కొట్టగానే అందరూ నా చుట్టూ మూగేవాళ్ళు. పుస్తకాలు నేల మీద వరసగా పేర్చి కథ చెప్పేదాన్ని. నా పుస్తకం పోయిందన్న ఏడుపు పదిరోజుల్లో మాయమై, నాకు గొప్ప తలపొగరు వచ్చేసింది.

ఒక్క చివరి పేజీ దగ్గరే చిక్కు. అది రత్నం తెలుగు వాచకానికి, లోపలి వైపు పడింది. రత్నం వాళ్ళది మునగపాక, వాళ్ళమ్మమ్మ ఇల్లు మా వీధిలోనే, అక్కడుండి చదువుకునేది. దాని వాచకం పాతది, అట్ట ముక్క ఊగిపోతోందని అత్త దానికి మెతుకులు నిండా రాసి మరీ అంటించింది. ఎంత బతిమాలినా రత్నం విప్పనిచ్చేది కాదు. గచ్చకాయలు ఇస్తానన్నాను, రిబ్బను ఇస్తానన్నాను.

"పెద్ద పరీచ్చలయ్యేదాకా ఇప్పకూడదు. అత్త సెప్పింది గదా" అనేది, పుస్తకం గుండెకి హత్తుకుని.

చలి ముదిరి, చెరకు నరకడాలు మొదలయ్యేసరికి రత్నం బడికి రావడం మానేసింది. వాళ్ళమ్మా అయ్యా చెరకు పనిలో ఉంటే అప్పుడే నడక వచ్చిన తమ్ముణ్ణి చూసేవాళ్ళు లేరని, ముసలి అమ్మమ్మ వాడి వెనక పరిగెత్తలేదని, రత్నాన్ని మునగపాక తీసుకుపోయారట. బెంచీలో నా పక్క ఖాళీ అయిపోయింది. నాకు అన్నం సయించలేదు. ఆ బెంగ రత్నం మీద ఎంతో, చివరి పేజీ మీద ఎంతో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. అత్త ఏటా కొత్త బెల్లానికి ఆ వైపు గానుగలకి వెళ్ళేది. ఆ ఏడు కొంగు పట్టుకుని నేనూ బస్సెక్కాను.

గానుగ దగ్గర పొయ్యి నోట్లోకి ఎండు పిప్పి ఎగదోస్తున్నారు. పెద్ద పెనంలో రసం తుకతుక ఉడికి, నురుగు పొంగి, ఎర్రగా చిక్కబడుతోంది. చెరకు ముక్క పాకంలో ముంచి ఇస్తే ఊదుకుంటూ నాకాను, నాలుక కాలింది. అవతల పందిరి కింద రత్నం కనిపించింది. తమ్ముడు పొయ్యి దగ్గరికి పోకుండా పాత చీరతో వాణ్ణి నడుముకి కట్టుకుని, అటూ ఇటూ ఊగుతూ పదమూడో ఎక్కం జోలపాటలా పాడుతోంది. నన్ను చూసి, చాప ఎత్తి తెలుగు వాచకం తీసి చూపించింది. అట్ట ఎక్కడా నలగలేదు.

"ఓలే రత్నం, ఓసారి ఇప్పే. సూసి మల్లీ అంటించేద్దాం" అన్నాను. అంత దూరం వెళ్ళి మొదట అడిగిన మాట అది!

రత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇప్పేత్తే నా సదువైపోయినట్టే గదే. అయ్య ఎల్లమంటే మల్లీ వత్తాను. అందుకే ఇప్పకండా ఉంచేను" అంది.

మా వెనకే నిలబడ్డ అత్త ఆ మాట వింది. చేతిలో బెల్లం ముక్క అక్కడే పెట్టేసి, పెనం దగ్గరున్న రత్నం వాళ్ళయ్య సన్యాసి దగ్గరికి నడిచింది.

"ఏరా సన్నేసీ, నానేసిన అట్ట మజ్జిలో ఇప్పించేత్తావేట్రా?"

"నానేటి సెయ్యనప్పా? గుంటడు తిన్నగా పొయ్యికాడికెల్లిపోతన్నాడు. ఎవులు సూత్తారు?"

"నాను సూత్తాను. మా అరుగు మీద పొయ్యి నేదు. ఇద్దర్నీ పంపీ. బెల్లం వండడాలయ్యేక నీ కొడుకుని తోలుకుపో, పరీచ్చలయ్యేక నీ కూతుర్ని తోలుకుపో."

సన్యాసి పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుని పిల్లాడి చొక్కాలు మూటకట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం బస్సులో రత్నం నా పక్కన, పిల్లాడు అత్త ఒళ్ళో. ఆ బస్సులో ఉన్నంత సంతోషంగా నేను ఏ తీర్థానికీ వెళ్ళలేదు.

పెద్ద పరీక్షలు అయిన రోజు అరుగు మీద అట్టలు విప్పడం ఒక పండగలా జరిగింది. విప్పిన కాగితాన్నల్లా నేల మీద వరసలో పరిచాం. ముక్కలైన నీడల సంచిక మళ్ళీ ఒక చోటికి చేరింది. చివరికి రత్నం వంతు వచ్చింది. రత్నం తడి గుడ్డతో అద్ది నెమ్మదిగా లాగింది. పైన బొమ్మలో జాలరి పిల్ల ఒడ్డుకి వచ్చింది. తర్వాత బొమ్మలో సూర్యోదయం. ఆ తర్వాత బొమ్మలో ఎండ ఆమె మీద పడుతోంది, ఆమె భయంగా కిందకి చూస్తోంది. అంతే! చిట్టచివరి బొమ్మ సర్రున చిరిగి, బోర్లాగానే వాచకానికి అంటుకుని ఉండిపోయింది.

అందరం అయ్యో అన్నాం. నేనైతే ఏడ్చేశాను. రత్నం ఒక్కతే ఆ అంటుకుపోయిన ముక్కని వేలితో తడిమి తడిమి చూసింది. దాని మొహం వెలిగిపోయింది. ఆ ఒక్క వాచకం మాత్రం కింది తరగతి వాళ్ళకి ఇవ్వకుండా తనే అట్టే పెట్టుకుంది.

మర్నాడు సన్యాసి కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చాడు. ఐదు చదివింది చాలు, ఇక ఇంటి పని అని ఆయన ముందే అనేసుకున్నాడు. రత్నం వాచకం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

"అయ్యా, సూడు. అట్ట ఊడనేదు. ముక్క ఉండిపోనాది. ఇంకా సదువుంది నాకు."

సన్యాసి నవ్వాడు. తర్వాత గోటితో గీకి చూశాడు. రాలేదు. ఉమ్మితో తడిపి చూశాడు. ఊహూ.

"ఏటెట్టి అంటించేవప్పా?"

"అన్నవెట్టి అంటించేన్రా" అంది అత్త, చాలా పెద్దరికంగా.

ఆయన కాసేపు పుస్తకం వైపు, కాసేపు కూతురి వైపు చూశాడు. "సర్లే, ఆరోది సదవనీ" అన్నాడు. అలాగే ఏడూ, ఎనిమిదీ, పదీ అయ్యాయి. ఏటా వేసవిలో ఆయన అడగడం, రత్నం ఆ వాచకం తెచ్చి చూపించడం వాళ్ళింట్లో ఒక వేడుకైపోయింది.

ఆ అరుగు ఇప్పుడు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. అత్త అంతకు ముందే వెళ్ళిపోయింది. తీర్థంలో ముసలాయన పట్టా పరిచే చోట ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఏటా ఆ వరసంతా వెతుకుతాను గానీ నీడల సంచిక ఇంకొక ప్రతి ఎక్కడా కనపడలేదు. రత్నం మాత్రం కనపడుతూనే ఉంది. చాలా ఏళ్ళు చీడికాడ బస్సులో కండక్టరు చేసి, మొన్ననే రిటైరై, ఖాళీగా కూర్చోలేక బస్టాండు దగ్గర కంప్యూటరు క్లాసులో చేరింది. క్లాసులో తక్కిన వాళ్ళంతా మనవల ఈడువాళ్ళట. మొన్న ఆదివారం ఆ కంప్యూటరు పుస్తకం చంకలో పెట్టుకుని అట్ట వెయ్యమని వచ్చింది. దాంతో పాటు ఆ పాత వాచకం కూడా సంచిలోంచి తీసింది. వెనక ఆ ముక్క అలాగే ఉంది, గోధుమరంగుకి తిరిగి.

"ఆవిరి పడితే ఊడొచ్చేస్తుంది పిన్నిగారూ, చూద్దామా?" అంది మా కోడలు ఉత్సాహంగా.

రత్నం నావైపు చూసింది. ఒకప్పుడు ఆ ముక్క కోసం రిబ్బను కూడా ఇస్తానన్నదాన్ని. నేను వాచకం తీసి దాని సంచిలో పెట్టేసి, కంప్యూటరు పుస్తకం ముందుకి లాక్కున్నాను. పాత క్యాలెండరు కాగితం పరిచి, అంచులు మడిచి, మెతుకులు రాయడం మొదలుపెట్టాను.

రత్నం పక్కన చతికిలబడి, అచ్చం ఐదో తరగతిలోలాగే మెడ సాచి చూస్తూ అంది.

"నిండా రాయే. ఊడకూడదు."