బెలర్మీను వేలికి కట్టిన గుడ్డ

కామర ద లోబుష్ అనే చేపల రేవులో మొక్కుకోవడం చేతకానివాళ్లు ఎవరూ ఉండరు. పడవ రావడం ఆలస్యమైతే చాలు, ఎవరి ఓపికను బట్టి వాళ్లు మాతకు మొక్కేసుకుంటారు. కొడుకు ఎంత ఎత్తుంటే అంత ఎత్తు కొవ్వొత్తి వెలిగిస్తానని ఒకరు, కొండమీది గుడి మెట్లు మోకాళ్లతో ఎక్కుతానని ఇంకొకరు. అన్నీ ఒక్క పూటలో తీరిపోయే మొక్కులే. తీర్చేసి, మోకాళ్లకు మందు రాసుకుని, మర్నాడు ఎవరి పనిలో వాళ్లు పడొచ్చు. బెలర్మీనుకు ఆ మాత్రం తెలివి లేకపోయింది.

ఫిబ్రవరిలో అల్లుడు దువార్తె ఎక్కిన పడవ ఇంజను చెడిపోయి రెండు రోజులు అయిపూ అజా లేకుండా పోయింది. కూతురు లీదియా రేవు మెట్ల మీద కూలబడి, ఏడవడానికి కూడా ఓపిక లేక, నీళ్లవైపు చూస్తూ ఉండిపోయింది. ఆ కూతుర్ని చూసేసరికి బెలర్మీనుకు మతి పోయింది. రేవు గుడిలో ఉన్న మాతవైపు తిరిగి, ఊరు ఊరంతా వినేలా గట్టిగా అరిచాడు.

"తల్లీ, నా అల్లుణ్ణి నాకు తెచ్చిచ్చెయ్! ప్రాణం ఉన్నంతకాలం చుక్క సారా నా నాలిక్కి తగలనివ్వను!"

మూడోరోజు పొద్దున్నే వేరే పడవ వాళ్లు ఆ పడవను తాడు కట్టి లాక్కొచ్చారు. పెదాలు పగిలి, గడ్డం నిండా ఉప్పు పేరుకుని దువార్తె దిగాడు. పెళ్లాన్ని వాటేసుకున్నాడు, అత్తగారి నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు, మావగారి మొహం చూశాడు, చూసి మొట్టమొదట అడిగిన మాట ఇది.

"పోంచా ఉందా మావయ్యా?"

ఉండకేం! బెలర్మీను పరుగులాంటి నడకతో ఇంటికెళ్లాడు. కమలాపండ్ల తొక్కలు సన్నగా చెక్కి తేనెతో నలిపాడు. నిమ్మరసం, కమలారసం పిండాడు. చెరకు సారా పోసి, చిన్న కవ్వాన్ని రెండు అరచేతుల మధ్య గిరగిరా తిప్పాడు. నురగ లేచింది. నలభై ఏళ్ల అలవాటు కదా, చూపుడువేలు దానంతటదే జగ్గులో మునిగి నోటివైపు లేచింది. వెనకనుంచి భార్య ఫిలొమేన ఆయన మణికట్టు పట్టేసుకుంది.

"ఏమయ్యా, మొన్న ఆ తల్లికి ఏమని చెప్పావ్?"

బెలర్మీను కొయ్యబారిపోయాడు. తానేం ఇచ్చేశాడో అప్పటికి గాని ఆయనకు తెలిసిరాలేదు. తాగుడు మానడం ఆయనకు లెక్కే కాదు, ఎప్పుడూ గ్లాసున్నరకు మించి ముట్టిన మనిషి కాడు. కాని రుచి చూడకుండా పోంచా కలపడం ఎలా?

"పోయి పోయి నాలిక మీదే ఎందుకు మొక్కావయ్యా," అంది ఫిలొమేన. "మోకాళ్ల మీద మొక్కి ఉండకూడదూ? ఎలాగూ అరిగిపోయినవేగా! లేదా నీ గురక మొక్కుకుని ఉంటే నేనూ బతికిపోదును."

ఆ రోజే ఆవిడ పాత దిండు గలీబు చించి ఆయన చూపుడువేలికి ఒక పీలిక కట్టింది. ఆ తర్వాత ఆయన కవ్వం పట్టిన ప్రతిసారీ కట్టింది. వేలు నోటిదాకా వెళ్లినా గుడ్డ పెదాలకు తగిలి గుర్తుకొస్తుందని ఆవిడ ఎత్తు.

బెలర్మీను దుకాణం పెట్టిన మనిషి కాడు. యవ్వనమంతా గాలాలు వేసి నల్లచేప పట్టాడు, నడుం పోయాక ఒడ్డున కూర్చున్నాడు. ఒడ్డున ఆయనకు మిగిలింది ఈ పోంచా ఒక్కటే. వీధిలో ఎవరికి జలుబు చేసినా, ఎవరి పిల్లకు బాప్తిస్మమైనా, జగ్గు పట్టుకుని ఆయన వంటింటి గుమ్మంలోకే వచ్చేవారు. ఎంతెంత పోయాలని అడిగితే ఆయనకు చెప్పడం వచ్చేది కాదు. ఇంటి వెనక పై మడిలోని కమలాచెట్టు కాయ తియ్యన, కింది మడిలో చెట్టుది వగరు. వాన పడిన వారం రెండూ నీళ్లే. తేనె కూడా ఒక సీసా ఉన్నట్టు ఇంకో సీసా ఉండదు. వేలు ముంచి నాకడం, కళ్లు మూసుకోవడం, మరో రెండు చుక్కల నిమ్మ, మళ్లీ నాకడం. ఆయన విద్యంతా అదే. లీదియా ఒకసారి కొలతలన్నీ నోటు పుస్తకంలో రాసిపెట్టింది. రాసిన వారానికే వాన పడింది, పుస్తకం మూలన పడింది.

పోనీ తాగినవాళ్లను అడుగుదామా అంటే ఊరంతా ఒక్కసారిగా మర్యాదస్తులైపోయారు. అది ఆయనకు అసలైన దెబ్బ. పాత పడవ స్నేహితుడు జెర్వాజియు ముప్పయ్యేళ్లుగా ఒక్కసారి కూడా బాగుందని చెప్పిన పాపాన పోలేదు. "ఇది పోంచానా, చంటిపిల్లల మందా?" అనేవాడు. "సారాకేమైనా కరువొచ్చిందట్రా?" అనేవాడు. అలాంటివాడు మొక్కు తర్వాత గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "అమృతంరా బెలర్మీనూ," అంటున్నాడు. ఆ మాట విన్న ప్రతిసారీ బెలర్మీను జగ్గులోకి అనుమానంగా తొంగి చూసేవాడు. జెర్వాజియు మెచ్చుకున్నాడంటే అందులో ఏదో ఘోరంగా తప్పిపోయినట్టే. ఏం తప్పిందో ఎవరూ చెప్పరు, తనకు తెలిసే దారి లేదు.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్‌కు ముందు తొమ్మిది తెల్లవారుజాముల పూజలు. రోజుకొక వీధి వంతు. పూజ అయ్యాక గుడి ముంగిట్లో ఆ వీధివాళ్లే తిండీ పానీయమూ పెట్టాలి. బెలర్మీను వీధి వంతు ఐదోరోజు. ముందురోజు మధ్యాహ్నం భోజనాలు కాగానే ఆయన రెండు బుట్టల కమలాలు ముందేసుకుని, అల్లుణ్ణి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇంట్లో సారా ముట్టేది దువార్తె ఒక్కడే. ఫిలొమేన వాసన చూసి "బాగానే ఉంది" అంటుంది, పెరుగైనా పెట్రోలైనా ఆవిడకు అదే మాట.

దేవుడు దువార్తెకు మంచి మనసిచ్చాడు, బలమైన చేతులిచ్చాడు, నాలుక మాత్రం ఇవ్వడం మరిచిపోయాడు. కాఫీలో ఐదు చెంచాల చక్కెర వేసుకుంటాడు, పులుసులో వెనిగర్ గుమ్మరించుకుంటాడు, రెండింటినీ ఒకేలా మెచ్చుకుంటాడు. ఏ మనిషి కోసం బెలర్మీను నాలుక వదులుకున్నాడో ఆ మనిషికే నాలుక లేదు.

"చూడు," అని బెలర్మీను గ్లాసు అందించాడు.

దువార్తె గుక్క వేశాడు. "బాగుంది."

"బాగుంది అంటే?"

"అంటే... పోంచాలా ఉంది మావయ్యా."

"పోంచాలా కాక చేపల పులుసులా ఉంటుందా? పులుపు ముందు తగిలిందా, తీపి ముందు తగిలిందా?"

దువార్తె పైకప్పు వైపు చూశాడు. "రెండూ కలిసే వచ్చాయి."

"కలిసి రాకూడదయ్యా! తొక్క వాసన ముందు రావాలి, వెనకాల పులుపు, ఆ వెనకాల తేనె. సారా గొంతు దిగాక తెలియాలి. మళ్లీ తాగు."

దువార్తె మళ్లీ తాగాడు. బెలర్మీను కవ్వం పక్కన పెట్టి అల్లుడి మొహంలోకి దూరిపోయేంత దగ్గరగా వచ్చాడు. సరిగ్గా కుదిరితే మింగగానే తాగినవాడి ఎడమకన్ను సగం మూతపడాలి. పడలేదు. నాలుగు చుక్కల నిమ్మ పిండాడు. కుడికన్ను మూతపడింది. కంగారుగా చెంచాడు తేనె వేశాడు. రెండు కళ్లూ మూతపడ్డాయి, పెద్ద త్రేన్పు వచ్చింది. ఎనిమిదో గుక్కకు దువార్తె ఎర్రబడిపోయి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఇది అదిరింది మావయ్యా!"

"ఇందాకటికీ దీనికీ నేనేం కలపలేదురా నాయనా," అన్నాడు బెలర్మీను. గుడ్డ కట్టిన వేలు జగ్గు అంచు మీద పెట్టి అలాగే నిలబడిపోయాడు. అంగుళం దూరంలో ఉంది రుచి. వాసన ముక్కు నిండా ఉంది. తన చేతులు చేసిన పనేదో తనకే తెలియడం లేదు.

దువార్తె నవ్వు ఆగిపోయింది. "మావయ్యా, నువ్వు ఆ మొక్కు ఇంకెవరి కోసమైనా మొక్కి ఉంటే బాగుండేది. ప్రతి గుక్కా నీది లాక్కుని తాగుతున్నట్టుంటుంది నాకు. సరిగ్గా చెప్పాలనే చూస్తా. తెలీదు నాకు. ఎప్పుడూ తెలీలేదు."

"ఊరుకో," అన్నాడు బెలర్మీను. "నువ్వు బతికి వచ్చావ్. చాలు." అది నిజమే. కాని చాలు అన్నప్పుడు ఆయన అల్లుడి వైపు చూడలేకపోయాడు.

తెల్లవారుజామున పూజ ముగిసింది. చలిలో జనం గుడి ముంగిట్లోకి వచ్చారు. ఎవరో అకార్డియన్ అందుకున్నారు. బల్ల మీద తేనె కేకులు, మాంసం పెట్టిన రొట్టెలు, మధ్యలో బెలర్మీను జగ్గులు. చివరిసారి బెలర్మీను కలియబెట్టబోతుంటే ఫిలొమేన ఆయన వేలికి మళ్లీ పీలిక కట్టింది. గ్లాసులు నిండాయి. అందరూ తాగారు, అందరూ భలే అన్నారు. బెలర్మీను ఒక్కొక్కరి ఎడమకన్నూ చూసుకుంటూ బల్ల వెనకనుంచి నడిచాడు.

వరసలో జెర్వాజియు కోటు జేబులోనుంచి చేతిరుమాలు తీశాడు. రుమాల్లో కోసిన నిమ్మచెక్క ఉంది. అటూ ఇటూ చూసి తన గ్లాసులో పిండుకుని, చెయ్యి వెనక్కి పెట్టాడు. వెనకున్న ఆవిడ మొహం తిప్పకుండానే ఆ చెక్క అందుకుని, పిండుకుని, తన వెనకాలకు పంపింది. ఆ వెనకాయన కూడా. అలవాటైన పనిలా నిమ్మచెక్క చేతులు మారుతూ వెళ్లిపోతోంది. ఎవరికీ ఆశ్చర్యం లేదు.

బెలర్మీను వెళ్లి జెర్వాజియు ముందు నిలబడ్డాడు.

"ఎన్నాళ్లనుంచి?"

జెర్వాజియు రుమాలు దాచబోయి మానేశాడు. "ఈస్టర్‌నుంచి."

"నోటితో చెప్పి చావొచ్చు కదరా! ముప్పయ్యేళ్లు తిట్టావ్. ఇప్పుడేం రోగం?"

"ఎలా చెప్పమంటావ్?" అన్నాడు జెర్వాజియు. "నువ్వు దిద్దుకోలేవు కదా."

అకార్డియన్ ఆగింది. ఫాదర్ ఒర్లాందు కేకు ముక్క చేత్తో పట్టుకునే జనంలోంచి వచ్చాడు. కుర్ర ఫాదర్, ఊరికి కొత్త, ఎవరి బాధా చూడలేని మనిషి.

"బెలర్మీను గారూ, ఇన్నాళ్లూ నా దగ్గరికి ఎందుకు రాలేదు? మొక్కు మార్చే అధికారం నాకుంది. బదులుగా రోజూ జపమాల చెప్పుకోండి. ఇంతమంది ఎదుట చెబుతున్నాను, ఈ క్షణంనుంచి మీ నాలుక మీది."

ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. జెర్వాజియు గ్లాసు నింపి తెచ్చాడు. "పట్టరా, తాగి నువ్వే తిట్టుకో!" బెలర్మీను గ్లాసు అందుకున్నాడు. పీలిక ముడి లాగేశాడు. తొందరలో గ్లాసు తొణికి, చేతిలో ఉన్న పీలిక తడిసిపోయింది. పది నెలల తర్వాత చూపుడువేలు చల్లటి పోంచాలో మునిగింది. కమలాతొక్క వాసన గుప్పుమంది.

వేలు పైకెత్తి కూతురి వైపు చూశాడు. ఆ సంతోషంలో ఆమె కూడా ఉండాలనే చూశాడు.

"తాగు నాన్నా, ఫాదర్ గారే చెప్పారుగా," అంది లీదియా. నవ్వుతూనే అంది. కాని ఆమె కుడిచెయ్యి మొగుడి చొక్కా చేతిని గుప్పిట్లో బిగించి పట్టుకుని ఉంది. ఆ రోజు మధ్యాహ్నమే దువార్తె పడవ బయల్దేరుతుంది. పండక్కి ముందు నల్లచేపకు మంచి గిరాకీ, నాలుగు రోజులు వెళ్లక తప్పదు. పట్టుకున్నానని ఆమెకే తెలుసో లేదో, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి.

బెలర్మీను ఆ గుప్పిటనే చూస్తూ ఉండిపోయాడు. వేలి మీదినుంచి ఒక చుక్క జారి నేలమీద పడింది.

"ఫాదర్, ఆ తల్లి ఒప్పుకుంటుందంటారా?"

"తప్పకుండా ఒప్పుకుంటుంది."

"మీకు చెప్పిందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫాదర్ ఒర్లాందు నవ్వలేకపోయాడు, అబద్ధమూ చెప్పలేకపోయాడు. బెలర్మీను వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఒకసారి సరిపోలేదని మళ్లీ తుడుచుకున్నాడు. గ్లాసు తీసి దువార్తె చేతిలో పెట్టాడు.

"నిమ్మ తక్కువైందట," అన్నాడు. "పిండుకుని తాగు."

తర్వాత పీలికను వేలికి చుట్టుకున్నాడు. ఒంటి చేత్తో ముడి పడదు. ఒక కొస పళ్లతో పట్టి లాగుదామని నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. గుడ్డ పోంచాలో తడిసి ఉంది. పెదాలు గట్టిగా మూసుకుని, చెయ్యి దూరంగా చాపి, కాసేపు దిక్కులు చూశాడు. చివరికి ఆ చెయ్యి కూతురి ముందు పెట్టాడు.

"కట్టమ్మా," అన్నాడు.

లీదియా మొగుడి చొక్కా వదిలింది. తలొంచుకుని, కన్నీళ్లు ఆయన అరచేతిలో పడుతుండగా, రెండు ముళ్లు వేసి బిగించి కట్టింది.